ఇల్లు దొరకు వరకు: ఆశ్రయములోని కుక్కను నడిపించు సేవ

నగరములో నివసించు తెలుగువారిలో అనేకులకు కుక్కను పెంచవలెనను కోరిక ఉన్నను అందుకు వీలుండదు. ఇంటి యజమాని అంగీకరింపకపోవచ్చును. భార్యాభర్తలిద్దరును ఉద్యోగములకు పోవు ఇంటిలో పగలంతయు ఆ ప్రాణిని చూచువారుండరు. అట్టివారు వారమునకు ఒకటి రెండు గంటలు వెచ్చించి చేయదగిన సేవ యొకటి కలదు. జంతు ఆశ్రయములలో కొత్త ఇంటికై వేచియున్న కుక్కలను నడిపించుటయే ఆ సేవ. చూచుటకు ఇది వినోదమువలె ఉండును. సరిగా చేసినచో కుక్క భవిష్యత్తును మార్చును. అజాగ్రత్తగా చేసినచో కుక్కకును మనిషికిని ప్రాణాపాయము తెచ్చును. కావున దీనిని నేర్చుకొని చేయవలెను.

1. ఆశ్రయములో వేచియుండు కుక్కలు ఏవి?

జంతు జనన నియంత్రణ నియమములు (2023) ప్రకారము వీథికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, సాధారణముగా పట్టిన చోటనే తిరిగి విడిచిపెట్టవలెను. 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు రేబిస్ సోకిన కుక్కలను, సోకినవని అనుమానము గల వానిని, దుడుకు స్వభావము గల వానిని అట్లు విడువరాదని తెలిపినది. దత్తత గోరువారు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, దత్తత పోయిన కుక్క మరల వీథిన పడకుండ చూచు బాధ్యత వారిదేననియు అదే ఉత్తర్వులో కలదు.

కొత్త ఇంటికై వేచియుండు కుక్కలలో ఎక్కువ భాగము వీథిలో బతుకలేనివి. యజమాని ఇల్లు మారుచు విడిచిపోయిన పెంపుడు కుక్కలు, తల్లిలేని పిల్లలు, ప్రమాదములో కాలు గాని కన్ను గాని పోగొట్టుకొన్నవి ఇందులో ఉండును. ఆకలి దప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

తెలుగువారికి ఈ భావము కొత్తది కాదు. నన్నయ భారతములో ఆదిపర్వము ఆరంభముననే సరమ అను దేవశునకము, తప్పు చేయని తన బిడ్డను కొట్టినందుకు జనమేజయుని నిలదీయును. మహాప్రస్థానిక పర్వములో ధర్మరాజు, తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని చెప్పును.

2. చెన్నై నగరమునకు గల చరిత్ర

జంతు సంరక్షణలో ఈ నగరము దేశమునకు దారి చూపినది. 1960 నాటి చట్టమునకు మూలమైన బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టినది కళాక్షేత్ర వ్యవస్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్. 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. 1959లో కెప్టెన్ వి. సుందరము, ఉషా సుందరము దంపతులు తమ కుటుంబముతో కలిసి బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియాను ప్రారంభించిరి. వీథికుక్కలను చంపుటకు మారుగా శస్త్రచికిత్స చేసి విడుచు పద్ధతిని ఆ సంస్థ 1964లో ప్రతిపాదించినది. నగరపాలక సంస్థ దానిని స్వీకరించుటకు మూడు దశాబ్దములు పట్టినది.

3. నడక ఎందుకు అవసరము?

ఆశ్రయము ఎంత శుభ్రముగా ఉన్నను అది ఇల్లు కాదు. ఒక కుక్క మొరిగినచో వరుసలోని కుక్కలన్నియు మొరుగును. విశ్రాంతి దొరకదు, మనుష్యుల సహవాసము తక్కువ. కొన్ని వారములలోనే కొన్ని కుక్కలు ఒకే చోట గుండ్రముగా తిరుగుట, కంచె కొరుకుట మొదలుపెట్టును. కొన్ని మూలకు ఒదిగి లేవకుండును. దత్తతకు వచ్చిన కుటుంబము కంచెపైకి దూకు కుక్కను చూచి భయపడును, మూలనున్న దానిని చూడకయే సాగిపోవును. అందువలన ఆ కుక్క ఇంకను కొంతకాలము అక్కడనే ఉండును. ఉన్నకొలది దాని స్థితి మరింత చెడును. ఈ చక్రమును తెంచుటకు నడక ఒక మార్గము.

నడకలో కుక్క శరీరమునకు వ్యాయామము, ముక్కునకు పని దొరకును. కుక్కకు లోకము ప్రధానముగా వాసనలలో ఉండును. చెట్టు మొదట నిలిచి రెండు నిమిషములు వాసన చూచుట దానికి కాలహరణము కాదు. వేగముగా రెండు కిలోమీటర్లు లాగికొని పోవుటకంటె, నెమ్మదిగా వాసన చూడనిచ్చుచు అరగంట నడిపించుట మేలు. ఆరుబయట మలమూత్ర విసర్జన చేయు అలవాటు, లీష్ లాగకుండ నడచు అలవాటు దత్తతకు పోవు కుక్కకు గొప్ప అర్హతలు. “కుక్క తోక వంకర” అను సామెత స్వభావము మారదని చెప్పును. కాని ఓర్పుతో నడిపించినచో కుక్క అలవాట్లు మారును.

4. బయలుదేరుటకు ముందు

• ఏ కుక్కను, ఎవరు, ఎక్కడికి నడిపించవలెనో ఆశ్రయ సిబ్బంది నిర్ణయించవలెను. సేవకులు స్వయముగా తలుపు తీయరాదు.
• టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను రోడ్డుపైకి తీసికొనిపోరాదు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి నిలువగలదు. చెప్పులకు అంటుకొని కూడ వ్యాపించును.
• భయపడిన కుక్క వెనుకకు లాగుకొని మెడపట్టీనుండి తల తప్పించుకొనును. మెడపట్టీకిని హార్నెస్‌కును వేర్వేరుగా రెండు లీష్‌లు కట్టుట క్షేమము.
• లీష్‌ను చేతికి చుట్టుకొనరాదు. కుక్క ఒక్కసారిగా పరుగెత్తినచో వేళ్లు విరుగవచ్చును.
• సేవకులు ముందుగానే రేబిస్ నిరోధక టీకా వేయించుకొనుట మంచిది. ఇందుకు సాధారణముగా మొదటి దినము, 7వ దినము, 21వ లేక 28వ దినము టీకా వేయుదురు.

5. దారిలో

వేసవిలో ఉదయము 7 గంటలలోపుననో ప్రొద్దు గ్రుంకి నేల చల్లారిన తరువాతనో నడిపించవలెను. అరచేతి వెనుక భాగమును తారు రోడ్డుపై 7 సెకన్లు ఉంచలేనిచో, ఆ రోడ్డు కుక్క పాదములకు కూడ తగదు. కుక్కకు ఒడలంతయు చెమట పట్టదు. ముఖ్యముగా రొప్పుట ద్వారా అది వేడిని తగ్గించుకొనును. మితిమీరి రొప్పి, చొంగ కార్చి, తూలినచో వడదెబ్బ అని గ్రహించి నీడకు చేర్చవలెను. ఒంటిపై మామూలు నీరు పోసి గాలి విసరుచు వెంటనే వైద్యునికి చూపవలెను.

తోక ఊపిన ప్రతి కుక్కయు సంతోషముగా ఉన్నదని తలపరాదు. శరీరము బిగిసి తోక నిటారుగా కదలుట హెచ్చరిక. ఆకలి లేకయే పెదవులు నాకుట, నిద్ర లేకయే ఆవులించుట, కంటి తెలుపు కనబడునట్లు ప్రక్కకు చూచుట భయమునకు గుర్తులు. అప్పుడు ముందుకు లాగక దూరము పెంచవలెను. ఎదురైన వీథికుక్కల గుంపును తప్పించి దారి మార్చుకొనవలెను. పిల్లలు పరుగెత్తి వచ్చి తాకబోయినచో మర్యాదగా ఆపవలెను. దీపావళి టపాకాయల దినములలో బయటి నడక వద్దు. బెదరిన కుక్క లీష్ తెంచుకొని వాహనముల క్రింద పడగలదు. మలమును సంచిలో ఎత్తి చెత్తకుండీలో వేయుట పౌరధర్మము.

6. ఏ భాషలో పిలువవలెను?

బహుభాషా నగరములో ఇది ముఖ్యమైన విషయము. ఉదయము వచ్చిన సేవకురాలు “ఉక్కారు” అని, సాయంకాలము వచ్చినవారు “కూర్చో” అని, ఆదివారము వచ్చినవారు “బైఠో” అని పలికినచో కుక్క ఏ మాటను నేర్చుకొనును? భాష ఏదైనను కావచ్చును. మాట ఒక్కటే ఉండవలెను. ఆశ్రయము ఎంచుకొన్న నాలుగైదు మాటలను కుక్క గూటి అట్టపై అన్ని లిపులలో వ్రాసి ఉంచుట సులభమైన ఉపాయము. మాటతోపాటు ఒకే చేతి సైగను వాడినచో కుక్క మరింత త్వరగా గ్రహించును. దత్తతకు తీసికొను కుటుంబమునకు కూడ ఆ మాటలను తెలుపవలెను.

7. కాటు గాని గోటిగాటు గాని తగిలినచో

రేబిస్ లక్షణములు కనబడిన తరువాత మనిషి బతుకుట దాదాపు అసాధ్యము; సకాలములో చికిత్స పొందినచో దానిని నివారింపవచ్చును. గాయమును వెంటనే ధారగా పడు నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. అదే దినము ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభించవలెను. చర్మములోనికి ఇచ్చు పద్ధతిలో 0, 3, 7, 28 దినములలో మోతాదులు ఇత్తురు. రక్తము వచ్చిన గాయమునకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ అవసరము. ముందుగా టీకా వేయించుకొన్నవారు సైతము వైద్యుని కలియవలెను. వారికి రెండు మోతాదులు చాలును. కుక్కకు టీకా ఉన్నదను మాటను నమ్మి చికిత్స మానరాదు. కుక్కపై కోపము వచ్చునేమోయని కాటును దాచుట ఇరువురికిని కీడు. సిబ్బందికి తప్పక తెలుపవలెను.

8. నడకనుండి ఇంటికి

నడక ముగిసిన పిదప నాలుగు మాటలు వ్రాయుట సేవలో భాగము. ఆటో శబ్దమునకు బెదరినదా, పిల్లలను చూచి తోక ముడిచినదా, ఏ కాలు కుంటినది, ఎక్కడ మలవిసర్జన చేసినది అను వివరములు వైద్యునికిని, దత్తతకు వచ్చువారికిని ఉపయోగపడును. గోనెసంచి మోయువారిని చూచి భయపడు కుక్కను రద్దీ బజారులోని ఇంటికి ఇచ్చినచో అది కొద్ది దినములలో తిరిగి రావచ్చును. నిశ్శబ్దమైన ఇంటికి ఇచ్చినచో అచ్చటనే నిలుచును.

దత్తతకు ముందు అద్దె ఒప్పందమును చదువుకొనవలెను. నివాస సంఘములు పెంపుడు జంతువులను నిషేధింపరాదని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకములు ఇచ్చినది. రేబిస్ టీకా ధ్రువపత్రముతో నగరపాలక సంస్థ లైసెన్సు పొందుట యజమాని విధి.

అభ్యాసము

1. వేగముగా నడిపించుటకంటె వాసన చూడనిచ్చుట ఎందుకు మేలు?
2. భయపడిన కుక్కను గుర్తించు మూడు లక్షణములను చెప్పుడు.
3. కుక్క కరచిన వెంటనే చేయవలసిన మొదటి పని ఏది? చేయరానిది ఏది?
4. సమీప ఆశ్రయములో ఏ భాషలో కుక్కలను పిలుచుచున్నారో తెలిసికొని, ఆ మాటలను తెలుగు లిపిలో వ్రాసి ఒక అట్ట తయారు చేయుడు.