నంపైలో మూడు అర్రేల కామన్ వాల్యూస్: నేను చేసిన తప్పు, దాని ఫిక్స్

తమ్ముడు కొత్త ఫోన్ కొంటానంటే, వాడు ఎంచుకున్న మూడు ఫోన్లలో కామన్‌గా ఉన్న 5జీ బ్యాండ్లు తేల్చే చిన్న ప్రోగ్రామ్ రాశాను. మూడింటిలోనూ ఎన్78 ఉందని చూపించింది. నిజానికి మూడో ఫోన్‌లో అది లేదు! మన దగ్గర జియో, ఎయిర్‌టెల్ 5జీకి వాడే ముఖ్యమైన బ్యాండ్ అదే. ఆర్డర్ పెట్టేలోపు స్పెక్ షీట్ మళ్లీ చూశాను కాబట్టి బతికిపోయాం. ఇంతకీ తప్పెక్కడ?

అసలు ఫంక్షన్ ఎలా పనిచేస్తుంది?

నంపైలో ఇంటర్‌సెక్ట్1డీ రెండు అర్రేలనే తీసుకుంటుంది. ఒక్కోదాంట్లో డూప్లికేట్లు తీసేసి, రెండింటినీ కలిపి సార్ట్ చేస్తుంది. ఆ తర్వాత పక్కపక్కనే ఒకే నంబర్ ఉంటే, అది కామన్ అన్నమాట.

మూడింటికి పెంచితే?

పక్కనున్న దానితో కాకుండా, రెండు స్థానాల అవతల ఉన్నదానితో పోల్చాలి. అంటే ఒకే నంబర్ వరుసగా మూడుసార్లు రావాలి. నేను ఇంతవరకూ కరెక్ట్‌గానే రాశాను. డూప్లికేట్లు తీసే స్టెప్పే మర్చిపోయాను.

మొదటి ఫోన్: 1, 3, 28, 78, 78
రెండోది: 3, 28, 78
మూడోది: 1, 3, 28

మొదటి షీట్‌లో 78 ఎస్ఏ కింద ఒకసారి, ఎన్ఎస్ఏ కింద ఇంకోసారి ఉంది. కలిపి సార్ట్ చేస్తే:

1, 1, 3, 3, 3, 28, 28, 28, 78, 78, 78

78 మూడుసార్లు వచ్చింది, కానీ రెండు ఫోన్ల నుంచే! ముందే ఒక్కో అర్రేని యునీక్ ఫంక్షన్‌కి ఇస్తే సరైన జవాబు వస్తుంది: 3, 28.

ఇంకా ఈజీ దారి

పైథాన్ ఫంక్‌టూల్స్‌లోని రెడ్యూస్‌కి ఇంటర్‌సెక్ట్1డీని, అర్రేల లిస్ట్‌ని ఇవ్వండి. మొదటి రెండింటి జవాబుని మూడోదానితో, ఆ వచ్చినదాన్ని నాలుగోదానితో పోలుస్తూ పోతుంది. ఎన్ని అర్రేలున్నా ఒక్క లైన్‌లో పని అయిపోతుంది.

రెండు జాగ్రత్తలు

స్పీడ్ కోసం అస్యూమ్ యునీక్‌ని ట్రూ చేస్తే డూప్లికేట్లు తీసే స్టెప్ జరగదు. డేటాలో రిపీట్స్ ఉంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది, ఎర్రర్ కూడా రాదు.

రిటర్న్ ఇండిసెస్ ఆన్ చేస్తే ఒక్క అర్రే కాదు, మూడు అర్రేల టపుల్ వస్తుంది. కాబట్టి దాన్ని రెడ్యూస్‌లో పెట్టొద్దు. ముందు కామన్ వాల్యూస్ తేల్చుకుని, తర్వాత ఒక్కో అర్రేతో విడిగా పోల్చి ఇండెక్స్‌లు తీసుకోండి.

టెస్ట్ రాసేటప్పుడు రిపీట్ అయ్యే నంబర్ ఒకటి కావాలనే పెట్టండి. నేను ఆ ఒక్క పని చేసుంటే, తమ్ముడికి సారీ చెప్పే అవసరం వచ్చేది కాదు.