నవ్వించే నాదం

ఉద్దేశం

శాస్త్రీయ సంగీతమనగానే మనకు గాంభీర్యమే గుర్తుకు వస్తుంది. అందులో హాస్యానికీ సముచితమైన స్థానమున్నదని, సంగీతాన్ని అనుకరించి నవ్వించడానికి సంగీతజ్ఞానమే పునాది అని, ఆ నవ్వుకు ఒక హద్దు కూడా అవసరమని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కచేరీలో తంబుర శ్రుతి మొదలుకాగానే శ్రోత సర్దుకొని కూర్చుంటాడు. సంగీతం దైవోపాసనతో సమానమని మన పెద్దలు చెప్పారు. అటువంటి చోట నవ్వడం అపచారమని చాలామంది భావిస్తారు. కాని మన లాక్షణికులు ఆ విధంగా తలచలేదు. భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలను చెబుతూ, శృంగారం తరువాత రెండవదిగా హాస్యాన్నే పేర్కొన్నాడు. ఏ రసానికి ఏ స్వరం తగినదో నిర్ణయించే సందర్భంలో శృంగార హాస్యాలకు మధ్యమ పంచమాలను కేటాయించాడు. అంటే సప్తస్వరాలలో రెండింటిలో నవ్వుకు పాలున్నదన్నమాట.

హాస్యం ఎట్లా పుడుతుంది? శృంగారానుకృతియే హాస్యమని భరతుని నిర్వచనం. ఒకరి వేషాన్ని, మాటను, నడకను తగనిచోట అనుకరించినప్పుడు నవ్వు జనిస్తుంది. ఈ అనుకరణ హాస్యాన్నే నేడు మనం పేరడీ అంటున్నాం. ఈ పదానికి మూలం గ్రీకు భాషలో ఉన్నది. ఒక పాటకు పక్కన నిలిచి, దానిని పోలి సాగే పాట అని దాని భావం. తెలుగు కవిత్వంలో ఈ ప్రక్రియకు ప్రాచుర్యం కల్పించిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిని సాహితీలోకం 'పేరడీ శాస్త్రి' అని పిలుచుకొన్నది. ఈనాడు సాహిత్య ప్రక్రియగా స్థిరపడిన పేరడీ పుట్టుకలో పాటకు చెందినదేనని మనం గుర్తించాలి.

మన వాగ్గేయకారులు సైతం హాస్యాన్ని దూరంగా ఉంచలేదు. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న చెరసాలలో మగ్గుతూ, తాను చేయించిన నగలకు అయిన ఖర్చును లెక్కగట్టి రాముణ్ణి నిలదీశాడు. ఇది నిందాస్తుతి. పైకి నింద, లోపల భక్తి. త్యాగరాజస్వామి రచించిన 'నౌకా చరిత్రము'లో గోపికలు కృష్ణునితో పడవ ఎక్కి, తమ అందానికీ నేర్పుకూ తామే మురిసిపోతారు. అంతలో గాలివాన వస్తుంది, పడవకు చిల్లు పడుతుంది, గర్వభంగం జరుగుతుంది. ఆ కథ వింటూ చిరునవ్వు నవ్వని శ్రోత ఉండడు. ఈ రెండు చోట్లా నవ్వు భక్తిని తగ్గించలేదు. దానిని మనిషికి దగ్గర చేసింది.

సంగీతంలోని ఈ హాస్యాన్ని పల్లె ప్రజల ముంగిటికి తెచ్చినది రంగస్థలం. కృష్ణా డెల్టాలో కాలువల నడుమ, వరిపొలాల మధ్య ఉన్న అమృతలూరు ప్రాంతాన్ని తీసుకొందాం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. సమీపంలోని తెనాలి పట్టణం తెలుగు నాటకానికి పెట్టని కోట. ఆ పట్టణపు నాటక సమాజాల ప్రభావం చుట్టుపక్కల పల్లెలన్నింటిపై ప్రసరించింది. ఈ మండలంలో కూచిపూడి అనే గ్రామం కూడా ఉన్నది. అయితే నాట్యానికి పేరిచ్చిన కూచిపూడి కృష్ణా జిల్లాలోనిది.

ఆ కృష్ణా జిల్లా కూచిపూడి వారి భామాకలాపంలో సంగీతమూ హాస్యమూ చేయి కలిపి నడుస్తాయి. సత్యభామ విరహంతో వేగిపోతూ దరువులు పాడుతుంది. పక్కన నిలిచిన మాధవి ఆమె భర్త పేరేమిటని అడుగుతుంది. ఆచారం ప్రకారం భర్త పేరు పలకరాదు. చెప్పకపోతే పని జరగదు. సత్యభామ సిగ్గుపడుతూ సూచనలు ఇస్తుంటే, మాధవి తెలియనట్లు నటిస్తూ ఆటపట్టిస్తుంది. అంతటి అభిమానవతి అతిశయాన్ని సామాన్య స్త్రీ చనువు తేలికపరుస్తుంది. పాటలోని శృంగారం పక్కనే దాని అనుకృతి నిలబడడమంటే ఇదే.

ఇక పద్యనాటకాల సంగతి చూద్దాం. పద్యం ముగిసిన తరువాత చివరి అక్షరాన్ని పట్టుకొని నటుడు రాగాలాపన చేసేవాడు. హార్మోనియం ఆ రాగాన్ని వెంబడించేది. రాగం రక్తి కట్టితే ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అని కేకలు వేసేవారు. నటుడు కథను అక్కడే ఆపి పద్యాన్ని మళ్ళీ అందుకొనేవాడు. యుద్ధరంగంలో కూలిన వీరుడు సైతం వన్స్‌మోర్ వినగానే లేచి, పద్యం మరొకసారి పాడి, తిరిగి ప్రాణాలు విడిచేవాడని ఒక చతురోక్తి ఆంధ్రదేశంలో ప్రచారంలో ఉన్నది. ఇది వెక్కిరింతగా కనిపించినా ఇందులో నిజమైన విమర్శ ఉన్నది. రాగం కథను మింగివేస్తున్నదని రసజ్ఞుడు చేసిన ఫిర్యాదు ఇది. ఆ విమర్శను వ్యాసంగా రాస్తే కొద్దిమంది చదువుతారు. నవ్వుగా చెబితే ఊరంతా గుర్తుంచుకొంటుంది.

అట్టి దీర్ఘరాగాన్ని అనుకరించి నవ్వించడం తేలికైన పని కాదు. నటుని ఊపిరి ఎక్కడ తెగుతుందో, హార్మోనియం మెట్టు మీద వేలు ఎక్కడ తడబడుతుందో అనుకరించేవానికి తెలిసి ఉండాలి. సరియైన స్వరం తెలిసినవాడే దానిని కొలతగా తప్పించగలడు. శ్రుతిజ్ఞానం లేనివాడు చేసిన అనుకరణ వట్టి అరుపుగా మిగులుతుంది. కాబట్టి మంచి పేరడీ అజ్ఞానం నుండి రాదు; అధికజ్ఞానం నుండి వస్తుంది.

నవ్వులపాలు కాదగిన అనుకరణను కళగా మలచినవారూ ఈ ప్రాంతంలో ఉన్నారు. బాపట్లలో 1902లో జన్మించి, తెనాలి శ్రీరామ విలాస సభ ద్వారా విఖ్యాతుడైన స్థానం నరసింహారావు స్త్రీపాత్రలకు పెట్టింది పేరు. పురుషుడు స్త్రీ వేషం ధరించి పాడితే సాధారణంగా నవ్వు వస్తుంది. ఆయన సత్యభామగా పాడుతుంటే ప్రేక్షకులు నవ్వడం మరచి పరవశించారు. భారత ప్రభుత్వం 1956లో ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. గుంటూరు జిల్లా సుద్దపల్లికి చెందిన కల్యాణం రఘురామయ్య నోట వేలు పెట్టి ఈలతో పద్యాలను రాగయుక్తంగా పలికించి 'ఈలపాట' రఘురామయ్య అయ్యాడు. వీధిలో వినిపించే ఈల ఆయన నోట వేణుగానానికి సాటి వచ్చింది. పేరడీ ఉన్నతమైన దానిని కిందికి దింపి నవ్విస్తుంది. రఘురామయ్య అల్పమైన దానిని పైకెత్తి ఆశ్చర్యపరిచాడు. రెండింటికీ కావలసిన స్వరజ్ఞానం ఒక్కటే.

బుర్రకథలో హాస్యానికి ఒక నియత స్థానమే ఉన్నది. మధ్యనున్న కథకుడు తంబుర మీటుతూ కథ నడుపుతాడు. ఇరువైపులా ఉన్న వంతలలో ఒకరు రాజకీయం చెబితే మరొకరు హాస్యం చెబుతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ కళను ఉన్నతస్థాయికి చేర్చాడు. ఆయన శాస్త్రీయ సంగీతం కూడా అభ్యసించినవాడు. వీరరసం ఉచ్ఛస్థాయికి చేరిన క్షణంలో హాస్యపు వంత ఒక అమాయకమైన ప్రశ్న వేస్తాడు. శ్రోతల బిగువు సడలుతుంది. ఆ వెంటనే కథ రెట్టించిన వేగంతో సాగుతుంది.

అయితే నవ్వు అన్నివేళలా మేలు చేయదు. కాళ్ళకూరి నారాయణరావు రచించిన 'చింతామణి' నాటకం ఇందుకు ఉదాహరణ. వేశ్యావ్యసనం మనిషిని ఎట్లా పతనం చేస్తుందో చూపి సంఘాన్ని సంస్కరించడం ఆ నాటక లక్ష్యం. శ్రావ్యమైన పద్యాల వల్ల అది దశాబ్దాల తరబడి ఊరూరా ప్రదర్శితమైంది. అందులో సుబ్బిశెట్టి అనే వర్తకుని పాత్ర ఉన్నది. కాలక్రమంలో ప్రదర్శకులు ఆ పాత్రకు తమ సొంత మాటలు చేర్చారు. మొరటు హాస్యం పెరిగింది. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం తెలిపారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నాటక ప్రదర్శనను నిషేధించింది. దీనితో ఆ నాటకమే జీవనాధారమైన కళాకారులు ఉపాధి కోల్పోతామని ఆవేదన చెందారు. వెక్కిరింతకు గురైనవారి బాధా నిజమే, నటుల బాధా నిజమే. వ్యసనాన్ని చూసి నవ్వవలసిన ప్రేక్షకుణ్ణి ఒక కులాన్ని చూసి నవ్వేటట్లు చేయడం వల్ల కలిగిన నష్టమిది. పద్యమూ రాగమూ ఏ తప్పూ చేయకపోయినా వాటికీ శిక్ష పడింది.

చలనచిత్రాలలో ఇందుకు భిన్నమైన, ఆరోగ్యకరమైన హాస్యం కనిపిస్తుంది. తెనాలికి చెందిన చక్రపాణి నిర్మాతలలో ఒకరుగా వెలువడిన 'మాయాబజార్' 1957లో వచ్చింది. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చి పెళ్ళికూతురి పాట పాడతాడు. సుశీల సుకుమార కంఠం మధ్య ఉన్నట్టుండి ఘంటసాల స్వరం వినిపించి మాయ బయటపడుతుంది. ఇక్కడ నవ్వు పుట్టించినది మాట కాదు, కంఠస్వరంలోని మార్పు.

అమృతలూరు సమీపంలోని భట్టిప్రోలు మండలం పెదపులివర్రులో జన్మించిన కె. విశ్వనాథ్ 1980లో 'శంకరాభరణం' చిత్రాన్ని అందించాడు. హాస్యరచనలో దిట్ట అయిన జంధ్యాల దీనికి మాటలు రాశాడు. ఒక సన్నివేశంలో సంగీతం మాస్టారు మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగ కీర్తనను కొత్త పోకడలతో వికృతంగా పాడతాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు. శంకరశాస్త్రి ఆగ్రహించి, బిడ్డ అమ్మను పిలిచే పిలుపే ఆకలిలో ఒక రీతిగా, బాధలో మరొక రీతిగా ఉంటుందని, కీర్తనలోని ప్రతి అక్షరానికీ అట్టి ఆర్తి ఉన్నదని బోధిస్తాడు. నవ్విన ప్రేక్షకుడే ఆలోచనలో పడతాడు. మరొకచోట పాశ్చాత్యగీతాలు పాడుతూ తనను ఎగతాళి చేసిన యువకుల బాణీని ఆయన విని, స్వరాలుగా మార్చి తిరిగి పాడతాడు. ఆయన రాగాన్ని మాత్రం వారు అందుకోలేకపోతారు. ఎగతాళి చేసినవారికి తెలియనిది, ఎగతాళికి గురైనవానికి తెలిసింది. ఈ పాఠం సారాంశమంతా ఆ ఒక్క ఘట్టంలో ఉన్నది.

పాశ్చాత్య సంగీతంలోనూ ఇదే న్యాయం. మొజార్ట్ 1787లో చేతకాని స్వరకర్తలను అనుకరిస్తూ ఒక హాస్యకృతి రచించాడు. దాని ముగింపులో ఒక్కొక్క వాద్యం ఒక్కొక్క శ్రుతిలో పలికి చెవులు చిల్లులు పడతాయి. అంత నేర్పుగా తప్పులు రాయడం మొజార్ట్ వంటి విద్వాంసునికే సాధ్యం. ఫ్రాన్సు దేశీయుడైన సాఁ-సాఁ 1886లో జంతువుల ఉత్సవం పేరుతో ఒక కృతి కూర్చాడు. ఉరకలు వేసే నృత్యగీతాన్ని తాబేళ్ళ కోసం నత్తనడక నడిపించాడు. ఆ జంతువుల వరుసలో పియానో సాధకులను కూడా చేర్చాడు. తన సొంత రచననూ పరిహసించాడు. తనను తాను నవ్వుకోగలిగినవానికే ఇతరులను నవ్వించే అధికారం ఉంటుందని ఈ కృతి చాటుతున్నది.

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమనీ పరస్థమనీ రెండుగా విభజించాడు. తాను నవ్వడం ఆత్మస్థం, ఇతరులను నవ్వించడం పరస్థం. స్మితం మొదలు అతిహసితం వరకు నవ్వులో ఆరు భేదాలు చెప్పి, ఉత్తములకు స్మితహసితాలు తగినవన్నాడు. ఈనాడు ఒక గాయకుణ్ణి అనుకరించి నవ్వించడం ఎవరికైనా సులభంగా కనిపిస్తున్నది. కళాశాల వార్షికోత్సవ వేదిక ఎక్కే విద్యార్థి తనను తాను రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నేను అనుకరిస్తున్న దానిని సరిగా పాడగలనా? నా నవ్వు పాటలోని లోపాన్ని తాకుతున్నదా, పాడేవారి పుట్టుకనా? ఈ రెండింటికీ తగిన సమాధానం దొరికినప్పుడు నవ్వు కూడా ఒక స్వరమవుతుంది. దొరకనప్పుడు అది అపస్వరంగానే మిగులుతుంది.

అర్థాలు

లాక్షణికులు = శాస్త్ర లక్షణాలను నిర్ణయించేవారు
అనుకృతి = అనుకరణ
వాగ్గేయకారుడు = పాటను తానే రచించి, స్వరపరచి పాడేవాడు
దరువు = తాళబద్ధమైన నాటకగీతం
చతురోక్తి = చమత్కారమైన మాట
వంత = కథకునికి తోడుగా పలికే వ్యక్తి
ఆర్తి = వేదన

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మంచి పేరడీ అధికజ్ఞానం నుండి వస్తుందన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. 'చింతామణి', 'శంకరాభరణం' ఉదాహరణలతో హాస్యానికి ఉండవలసిన హద్దును వివరించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఆరు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వన్స్‌మోర్ గురించిన చతురోక్తిలోని విమర్శ ఏమిటి?
2. బుర్రకథలో హాస్యపు వంత చేసే పని ఏమిటి?

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. భరతుడు హాస్యానికి కేటాయించిన స్వరాలు ఏవి?
2. కె. విశ్వనాథ్ జన్మస్థలం ఏది?

ఈ. వ్యాకరణం
దైవోపాసన = దైవ + ఉపాసన : గుణసంధి
శృంగారానుకృతి = శృంగార + అనుకృతి : సవర్ణదీర్ఘసంధి
సప్తస్వరాలు = ఏడు సంఖ్య గల స్వరాలు : ద్విగు సమాసం
గర్వభంగం = గర్వము యొక్క భంగం : షష్ఠీ తత్పురుష సమాసం