ఉద్యమం చల్లారాక మిగిలేది



గ్రూప్-2కు చదువుకుంటూ మంచి ప్రశ్న అడిగావు. "1969లో అంతమంది విద్యార్థులు రోడ్డెక్కారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా తెలంగాణ రాలేదు. మరి సాధించిందేంది తాతా?" అన్నావు. గైడ్లలో 'విఫలమైంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వు అక్కడ ఆగొద్దు.

దరఖాస్తు కోసం శంషాబాద్‌లో మీ బడికి పోయి తెచ్చుకున్న బోనఫైడ్ కాగితాలు ఒకసారి ముందేసుకో. ఒకటి నుంచి ఏడు దాకా ఏ తరగతి ఎక్కడ చదివావో ఎందుకు అడుగుతున్నారు? అందులో నాలుగేళ్లు ఇక్కడ చదివావు కాబట్టే నువ్వు రంగారెడ్డి జిల్లాకు, చార్మినార్ జోన్‌కు స్థానికురాలివి. ఈ లెక్క ఏ అధికారికో తోచి పెట్టింది కాదు.

తెలంగాణకు రక్షణలు ఇస్తామన్న 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదన్న కోపం 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మంలలో రాజుకుని ఉస్మానియాను అంటుకుంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి 14 స్థానాల్లో పది తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. రాష్ట్రం మాత్రం రాలేదు. 1972లో, కొలువులు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే అవతల జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఆ వేడికి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు పదవి పోయింది. రెండు వైపులా పోరు చూశాక 1973లో కేంద్రం ఆరు సూత్రాల పథకం తెచ్చింది. దాన్నుంచే రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ వచ్చాయి. స్థానికులకు 95 శాతం కొలువులిచ్చే 2018 ఉత్తర్వు కూడా ఆ 371-డి కిందే వెలువడింది. నీ బోనఫైడ్ కాగితాల లెక్క దానిలోదే.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. 1968లో పారిస్, ప్రాగ్, మెక్సికో నగరం అన్నీ నిరసనలతో ఉడికాయి. ఎక్కడా అడిగిందంతా అప్పటికప్పుడు దక్కలేదు.

ఉద్యమం ఫలితం చట్టంలో మిగులుతుందనడానికి మీ ఇంటికి దగ్గర్లోనే ఇంకో రుజువుంది. రాత్రిపూట ఎయిర్‌పోర్టు డిపార్చర్స్ దగ్గర చూడు. 23 కిలోలు దాటిందని సూట్‌కేసు విప్పి, టేపు చుట్టిన ఆవకాయ డబ్బా అమ్మ చేతిలో పెట్టే పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో ఎందరి ప్రయాణమో అమెరికాకే. ఒకప్పుడు అక్కడ స్థిరపడటానికి మన దేశమంతటికీ ఏడాదికి ఉన్న కోటా వంద మందికే. పుట్టిన దేశాన్ని బట్టి మనిషికి విలువ కట్టే ఆ పద్ధతిని అమెరికా 1965 వలస చట్టం తీసేసింది. అక్కడి నల్లజాతి ప్రజలు సమాన హక్కుల కోసం దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి తెచ్చిన ఊపులోనే ఆ చట్టం పాసైంది. వాళ్ల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ అహింసా మార్గాన్ని గాంధీ నుంచి నేర్చుకున్నాడు. వివక్షకు నిరసనగా మాంట్‌గొమరీ నగరంలో బస్సులు ఎక్కబోమని భీష్మించిన ఆ మనుషులకు మన తెలుగు కుటుంబాలు ఎంతో రుణపడి ఉన్నాయి. ఆ సంగతి అక్కడికి వెళ్లే పిల్లలకు తెలియాలి.

అయితే చట్టంలో రాయించుకోవడం ఒక ఎత్తు, అమలు చేయించుకోవడం ఇంకో ఎత్తు. రాష్ట్రపతి ఉత్తర్వును తుంగలో తొక్కారు కనుకే 1985లో, ఆ ఉల్లంఘనలను సరిదిద్దడానికి 610 జీవో తేవలసి వచ్చింది. అదీ సరిగా అమలు కాలేదు. ఆ కాగితాన్నే చేతబట్టి తర్వాతి తరం నిలదీసింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 1969 వాళ్లు తర్వాతి వాళ్లకు అందించింది కోపం ఒక్కటే కాదు, నిలదీయడానికి ఆధారం కూడా.

అందుకే ఏ ఉద్యమం గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకో. ఏం అడిగారు? ఏ చట్టంలో ఎంత దక్కింది? దాన్ని ఎవరు, ఎలా అమలు చేయించారు? మూడోదానికి జవాబు వెతికేవాళ్లు తక్కువ. ప్రజలకు ఎక్కువ అవసరమైంది అదే. రేపు కొలువొచ్చి నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నాక ఆ మూడో ప్రశ్నకు జవాబు నీ సంతకంలోనే ఉంటుంది.

ఈ వారం గైడు పక్కన పెట్టి 371-డి అసలు పాఠం చదువు. అర్థం కానివి రాసి పంపు.

మీ తాత