బేసిలార్ ధమని కొలత

అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో పక్షవాతం కేసు 108లో విజయవాడ చేరితే డాక్టరు ముందు అడిగేది నాళం ఆకారం గురించి కాదు. "నాన్నగారు చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎన్నింటికమ్మా?" అని అడుగుతారు. నిద్రలేచేసరికే మాట పడిపోయి ఉంటే రాత్రి పడుకున్న వేళనుంచే లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. చక్కెర, బీపీ చూస్తారు, సీటీలో రక్తస్రావం లేదని తేల్చుకుంటారు. సీటీ యాంజియోలో పెద్ద నాళం మూసుకుపోయిందని తేలితే తీగ పంపి గడ్డను లాగేస్తారు.

ఆకారం చదవడం తీరిగ్గా చేసే పని. మెడ వెనకగా ఎక్కే రెండు వెర్టిబ్రల్ ధమనులు కలిసి ఒకే బేసిలార్ ధమనిగా మెదడు కాండం ముందునుంచి పైకి పోతాయి. కాండంలో పాన్స్ అనే భాగం ఉంది. దాని నడిమి అడ్డకోతను రేడియాలజిస్టు తెరమీద తెచ్చుకుని అక్కడ ధమని వెడల్పు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటే మామూలే. 4.5 దాటితే ఉబ్బినట్టు.

చెయ్యి తప్పేది ఇక్కడే. వంకర తిరిగిన నాళం ఏటవాలుగా తెగి, కోలగా కనిపిస్తుంది. పొడవు వైపు కొలిస్తే లేని జబ్బు అంటగట్టినట్టే. పొట్టి వైపే కొలవాలి. రంగుల త్రీడీ బొమ్మ బంధువులకు చూపించడానికి బాగుంటుంది, కొలతకు పనికిరాదు. ఎంఆర్ యాంజియోలో ఇంకో చిక్కు: రక్తం మందగించిన చోట నాళం మసకబారి, ఉన్నదానికన్నా సన్నగా కనిపించవచ్చు. గోడకు గడ్డ అంటుకుని ఉంటే లోపలి దారి ఒక్కటే చూసి మోసపోతాం.

వెడల్పు అయ్యాక వంకర. ధమని నడిమి గీత నుంచి ఎంత పక్కకు జరిగింది? పైన రెండుగా చీలే చోటు ఎంత ఎత్తున ఉంది? రెంటికీ సున్నా నుంచి మూడు వరకు మార్కులు. ఈ పద్ధతి వెండీ స్మోకర్ బృందానిది. 1986లో సీటీ చిత్రాలతో దీన్ని తెచ్చారు.

ఫలితం సంగతి. కాలువ వెడల్పైన చోట నీరు మందగించి ఒండ్రు దిగడం డెల్టా రైతుకు కొత్త కాదు. ఉబ్బిన ధమనిలో గడ్డ కట్టే తీరూ అదే. పాన్స్‌కు రక్తమిచ్చే సన్న కొమ్మలు సాగి మూసుకుపోతాయి. అందుకే ఇలాంటి నాళమున్నవారికి పక్షవాతం తిరగబెట్టే ముప్పు ఎక్కువ. నాళం పెరుగుతూ పోతే మెదడు కాండాన్ని నొక్కవచ్చు, అరుదుగా చిట్లవచ్చు. రక్తం పలచబరిచే మందుల విషయంలో డాక్టర్లు తటపటాయించేది ఇందుకే: గడ్డ భయం ఒకవైపు, రక్తస్రావం భయం ఇంకోవైపు. వాదన లేనిది బీపీ ఒక్కదాని మీదే, దాన్ని అదుపులో పెట్టాల్సిందే. మనవాళ్లలో మెదడు నాళాలు సన్నబడడమే ఎక్కువ కాబట్టి, రిపోర్టు చివర్న ఉబ్బు గురించి రాసిన ఒక్క వాక్యం మీద చూపు ఆగదు. చిన్న వయసువారిలో కనిపిస్తే ఫాబ్రీ లాంటి పుట్టుక జబ్బులనూ వెతకాలి.

డిశ్చార్జి రోజు ఫిల్ముతో సరిపెట్టుకోకుండా స్కాన్ సీడీ అడిగి తీసుకోండి. మళ్లీ తీసినప్పుడు పాత చిత్రం పక్కన పెడితేనే నాళం పెరిగిందో లేదో తెలుస్తుంది. ఈలోగా ముఖం ఒకవైపు అదురుతున్నా, మింగడం కష్టమైనా తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకూడదు.