ఇంటి ఫ్రీజరులో పేరుకొనిన మంచును తీయు విధము

మన సభ్యుల యిండ్లలో పెక్కింట నేడు రిఫ్రిజిరేటరు కలదు. పాలు, పెరుగు, దోసెపిండి క్రింది యరలలోను, చేపలు, రొయ్యలు, కొబ్బరికోరు పైనున్న ఫ్రీజరులోను ఉంచుట వాడుక. ఆ ఫ్రీజరు గోడలపై రెండు వ్రేళ్ల మందమున తెల్లని మంచు పేరుకొనగా జూచి, యంత్రము చక్కగా చలువ నిచ్చుచున్నదని సంతసించువారు కలరు. వాస్తవమునకు ఆ మంచు యంత్రమునకు భారమే.

తలుపు తెరచినపుడెల్ల వెలుపలి గాలి లోనికి జొచ్చును. అందలి తేమ చల్లని గోడలను దాకి గడ్డకట్టును. వానకాలమున ఇది త్వరితముగా జరుగును. వేడి కూరలను, మూతలేని గిన్నెలను లోన నుంచినచో మఱింత త్వరితము. ఈ మంచులో సన్నని గాలిబుడగ లుండును. కాపరి గొంగళి యొడలి వేడిని బయటకు పోనీయనట్లే, ఈ మంచుపొర లోని పదార్థముల వేడిని గోడలోని గొట్టములకు చేరనీయదు. అందుచే యంత్రము ఆగక తిరుగును, కరెంటు ఖర్చు పెరుగును, చేపలకు మాత్రము చాలినంత చలువ యందదు. మంచు పావు అంగుళము మందము కాగానే తీసివేయుట మేలు.

సరకు తక్కువగా నున్న దినము నెన్నుకొనుడు. గడ్డకట్టిన పదార్థము లన్నిటిని దగ్గరగా జేర్చి, పాత దుప్పటిలో చుట్టి, మూతగల డబ్బాలో పెట్టుడు. ఒంటితలుపు యంత్రములలో పెక్కింటికి చలువ మీట నడుమ చిన్న బొత్తాము కలదు. దానిని నొక్కినచో యంత్రము ఆగి, మంచు కరగిన పిదప తానే మరల నడచును. బొత్తాము లేనిచో ప్లగ్గు తీయవలెను. రెండు తలుపుల యంత్రములలో పలువాటియందు మంచు తనంతట కరగు నేర్పాటుండును గాన వానికీ శ్రమ లేదు. లోన మడతపెట్టిన గుడ్డపై వేడినీళ్ల గిన్నె నుంచి, నీరు చల్లారినపుడెల్ల మార్చుచుండినచో మంచు పెళ్లలుగా ఊడును.

ఇచటనే తొందర పనికిరాదు. ఒంటితలుపు యంత్రపు ఫ్రీజరు గోడ పలుచని అల్యూమినియపు రేకు. గ్యాసు పారు దారులు ఆ రేకులోనే యుండును. ఈ వ్రాయువాడు ఒక పండుగనాడు కత్తికొనతో మంచును పొడువగా ‘సుయ్’మను చప్పుడు వినవచ్చెను. మరమ్మతున కైన పైకముతో రెండు బస్తాల డి.ఏ.పి. వచ్చియుండెడిది! పైకమే కాదు, ప్రాణభయమును కలదు. నేటి యంత్రములలో పెక్కింట నున్న ఐసోబ్యూటేను వంటగ్యాసు జాతిది; నిప్పు తగిలిన మండును. అట్టి చప్పుడు వినబడినచో స్విచ్చు తాకక, పొయ్యి వెలిగింపక, తలుపులు కిటికీలు తెరచి వెలుపలికి రావలెను.

మంచు పోయిన పిమ్మట లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల వంటసోడా కలిపి, మెత్తని గుడ్డతో తుడువుడు. ఇసుక, బూడిద, ఇనుపపీచు తగవు. తలుపు అంచునగల రబ్బరు మడతలలోని నల్లని బూజును గూడ తుడిచి, ఒక కాగితమును నడుమ నుంచి తలుపు మూయుడు. లాగినపుడు పట్టులేక వచ్చినచో రబ్బరు సడలినదన్నమాట, మంచు మరల త్వరలోనే పేరుకొనును. తడి యారకముందు యంత్రమును నడుపరాదు. కరగిన నీరు చేరు వెనుకటి తొట్టిని మరువకుడు. డెంగ్యూ దోమ అందు గ్రుడ్లు పెట్టును గాన వారమున కొకమారు కడుగవలెను.

చేపలలో, మాంసములో ఇంకను మంచుపలుకు లున్నచో మరల పెట్టవచ్చును. పూర్తిగా కరగియు చల్లగానే యున్నచో ఆనాడే వండుకొనుడు. రెండు గంటలకు మించి వెచ్చనైనచో పారవేయుడు, వాసన చూచి నిర్ణయింపకుడు. గాలికుంటు టీకామందు ఇంట నున్నవారికి వేరొక జాగ్రత్త: అది 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుండవలెను. మంచు తీయునపుడు క్రింది యరయు వెచ్చనగును గాన, ముందే దానిని పొరుగువారి రిఫ్రిజిరేటరు క్రింది యరకు మార్చుడు. వారి ఫ్రీజరులో పెట్టకుడు, గడ్డకట్టిన ఆ మందు పశువునకు రక్ష నీయదు.