ఆ దీపాలను ఇళ్లలో వదిలేసి రా

అమ్మడూ,

నెల్లూరులో అమ్మమ్మ దీపాన్ని తాకితే డల్లాస్‌లో అన్నయ్య ఇంట్లో దీపం వెలిగేలా చేశానని రాశావు. చాలా సంతోషం. అయితే నీ పరిశోధన ఇంకా మొదలు కాలేదు. దూరాన ఉన్నవాళ్లు మాటల్లేకుండా ఎలా పలకరించుకుంటారన్నది కదా నీ ప్రశ్న! ఆ దీపాలు నెలల తరబడి ఆ ఇళ్లలో ఉంటేగానీ అది తేలదు.

ఇంగ్లండ్‌లోని యార్క్‌లో పూర్ క్లేర్ సన్యాసినులు మఠం దాటకుండా లోకం కోసం ప్రార్థిస్తూ బతికేవారు. లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో బిల్ గేవర్ బృందం వాళ్ల కోసం 'ప్రేయర్ కంపానియన్' తయారుచేసి, 2010లో దాని గురించి ప్రచురించింది. చూడటానికి ఇంగ్లిషు 'టీ' అక్షరంలా ఉంటుంది. వార్తల శీర్షికలు, ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాసుకున్న మనసులోని మాటలు దాని పైభాగంలో మెల్లగా కదులుతుండేవి. అక్షరాలు పైకి తిరిగి ఉండేవి కాబట్టి దగ్గరికెళ్లి చూసినవాళ్లకే కనిపించేవి. తెరను గోడకు తగిలించి ఉంటే ఆ మఠంలో అదెంత రభస! ఎవరి ఇంట్లో పెడుతున్నామో తెలిసినవాళ్లు చేసిన పని అది.

విలియం ఓడమ్ బృందం 'ఫోటోబాక్స్' కూడా చూడు. ఓ చెక్కపెట్టె. ఇంటివాళ్ల ఫ్లికర్ ఖాతాలోంచి నెలకు నాలుగైదు పాత ఫోటోలు, తనకు తోచినప్పుడు లోపలే అచ్చు వేసేది. మూడు ఇళ్లలో 14 నెలలు ఉంచారు. మొదట్లో ఇంకా రాలేదేమని జనం విసుక్కున్నారు. పోనుపోను దాని తీరుకు అలవాటుపడ్డారు. రెండు వారాలకే తీసుకొచ్చేసి ఉంటే ఆ విసుగే ఫలితమనుకునేవాళ్లు.

ఇక నీ దీపం. కరెంటు పోయి వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా అదే వైఫై పట్టుకోవాలి. దీపంలోని ఈఎస్పీ32 చిప్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, తన ఇంట్లో అది ఉందో లేదో అన్నయ్యని ముందే అడుగు. తాకిన ప్రతిసారీ టైము మెమరీ కార్డులో పడాలి. నెట్ లేనప్పుడూ టైము తప్పకుండా బిళ్ల బ్యాటరీ ఉన్న డీఎస్3231 గడియారం పెట్టు.

అసలు చిక్కు ఇంకోటుంది. అమ్మమ్మ తాకినప్పుడు డల్లాస్‌లో నెట్ లేదనుకో. దీపాల మధ్య కబుర్లు మోసే ఎంక్యూటీటీలో క్యూఓఎస్, అంటే కబురు అందజేసే హామీ స్థాయి, 0 పెడితే ఆ పలకరింపు పోయినట్టే. 1 పెట్టి సెషన్ నిలబెడితే నెట్ రాగానే అందుతుంది, ఒక్కోసారి అక్కడ అర్ధరాత్రి. అప్పుడు వెలిగిన దీపం పలకరింపా, ఇంటి దగ్గర ఎవరికో ఏదో అయిందన్న కబురా? నన్నడిగితే పోనివ్వమంటాను, పలకరింపు ఆ క్షణానిదే. నువ్వు ఏది ఎంచుకున్నా, ఎందుకో నోట్‌బుక్కులో రాసిపెట్టు. ఇది కోడ్ రాసేటప్పుడు తేల్చేసే సంగతిలా కనబడుతుంది గానీ నీ ప్రశ్నంతా ఇక్కడే ఉంది.

ఏమేం నమోదవుతున్నాయో అమ్మమ్మకీ వదినకీ విడమరచి చెప్పు. వద్దనిపిస్తే ఆపేసుకోవడానికి కంటికి కనబడే స్విచ్ పెట్టు.

రాత్రి తొమ్మిదింటికి అమ్మమ్మ మూడుసార్లు తాకినట్టు కార్డు చెబుతుంది. సీరియల్ అయిపోయి తోచక తాకిందో, దుమ్ము తుడిచిందో అది చెప్పదు. వెళ్లి కూర్చుని అడగాల్సిందే. 'బాగుందా?' అని మాత్రం అడక్కు. మనవరాలు చేసింది కాబట్టి బాగుందనే అంటుంది. 'నిన్న రాత్రి దీపం దగ్గరికి ఎందుకెళ్లావు?' అని అడిగి, చెప్పినంతసేపూ విను.

ఆశీస్సులతో,
మామయ్య