మేడలోని నీటిగొట్టము – ఊరిలోని అగ్నిమాపక దళము

ఎత్తయిన మేడలో పదియవ అంతస్తున నిప్పంటుకొన్నచో, వీథిలో నిలిచిన ఫైరింజను నుండి పైవఱకు హోసును మెట్లవెంబడి ఈడ్చుకొనిపోవుట మిక్కిలి శ్రమతో కూడిన పని. అందువలన అట్టి మేడలు కట్టునప్పుడే క్రిందినుండి పైకి ఒక లావైన ఇనుప గొట్టమును నిలువుగా అమర్చి, ప్రతి అంతస్తునందును దానికొక వాల్వును పెట్టుదురు. దీనిని స్టాండ్‌పైపు అందురు. ఎల్లప్పుడును నీటితో నిండియుండు గొట్టమునకు మన దేశమున వెట్ రైజరని వాడుక. అగ్నిమాపక భటులు చుట్టిన హోసును భుజమున వేసికొని మెట్లెక్కి, ఆ వాల్వునకు తగిలించి నీరు చిమ్ముదురు.

గొట్టము నమర్చువాడొకడు, ఆపత్కాలమున దానిని వాడువాడు మఱొకడు. వీరిరువురకును ముందుగా మాట కలియనిచో ఏమగునో ఈ వ్యాసమున తెలుపగోరుచున్నాము.

మొదట చిన్న లెక్క. నీటిని ఒక అడుగు ఎత్తున కెక్కించుటకు చదరపు అంగుళమునకు 0.433 పౌను ఒత్తిడి కావలెను. అనగా 100 అడుగులకు సుమారు 43 పౌనులు. ఒక ఊరి ఫైరింజను క్రిందనుండి 150 పౌనుల ఒత్తిడితో నీటిని గొట్టములోనికి పంపుచున్నదనుకొందము. పై వాల్వు వద్ద 65 పౌనులు చాలునన్నచో, మిగిలిన 85 పౌనులు నీటిని 196 అడుగుల కెక్కించును. అచ్చట 100 పౌనులు కావలెనన్నచో మిగులునవి 50 మాత్రమే. అవి 115 అడుగులకే సరిపోవును. గొట్టపు రాపిడిని తీసివేసిన ఇంకను తగ్గును. ఇంజను అదియే, గొట్టము నదియే. మాఱినదెల్ల భటుని చేతిలోని సాధనమే.

హోసు లావునందును ఇట్టి భేదమే కలదు. ఒకే పరిమాణముగల నీరు 2½ అంగుళముల హోసులో కంటె 1¾ అంగుళముల హోసులో పాఱునప్పుడు రాపిడివలని నష్టము సుమారు ఆరు రెట్లగును. ఐనను సన్నని హోసు తేలిక. కొద్దిమంది భటులే దానిని త్రిప్పగలరు. కావున అనేక నగరముల దళములు దానినే చేపట్టినవి.

ఈ మార్పును గొట్టములు గమనింపనిచో కలుగు కష్టము అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వెల్లడియైనది. 1991 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి అచ్చటి వన్ మెరిడియన్ ప్లాజా అను 38 అంతస్తుల మేడలో, 22వ అంతస్తున, నూనె పీల్చిన గుడ్డలనుండి నిప్పు పుట్టెను. ఆ కాలపు అమెరికా నియమముల ప్రకారము మీది వాల్వు వద్ద 65 పౌనులున్న చాలును. ఆ లెక్క లావుపాటి హోసును, నునుపైన సాదా నాజిలును తలచి వేసినది. ఫిలడెల్ఫియా భటులు తెచ్చినదో 1¾ అంగుళముల హోసు, 100 పౌనులు కోరు నాజిలు. అంతేకాక, అధికమైన ఒత్తిడి భటులకు అపాయకరమని అమర్చిన ఒత్తిడి తగ్గించు వాల్వులు సరిగా దిద్దబడక, 60 పౌనులైనను ఈయకుండెను. వానిని దిద్దుటకు ప్రత్యేకమైన పనిముట్టును, తెలిసిన మనుష్యుడును కావలెను. అట్టివాడు వచ్చి కొన్నింటిని సవరించునప్పటికి అనేక గంటలు గడచెను.

మంటలు 19 గంటలు మండెను. పొగ వెడలుటకు మార్గము చేయబోయిన ముగ్గురు భటులు పై అంతస్తులలో దారి తప్పి ప్రాణములు గోల్పోయిరి. నీటి కొఱతయే వారి మరణమునకు కారణమని చెప్పరాదు. ఐనను నీరు చాలని పోరాటము గంటలకొలది సాగుటచే అందఱికిని అపాయము హెచ్చెనని చెప్పవచ్చును. తుదకు 30వ అంతస్తున తమంతట తాము నీరు చిమ్ము స్ప్రింక్లర్లు పది విచ్చుకొని మంటల నాపినవి. పిదప 1993లో ఆ దేశపు నియమమున 65 పౌనులను 100 పౌనులుగా మార్చిరి.

ఒత్తిడి సరిపోయినను మూతి కలియవలెను గదా! 1904 ఫిబ్రవరిలో ఆ దేశముననే బాల్టిమోరు నగరము తగులబడగా, పొరుగు నగరముల దళములు ఇంజనులతో వచ్చెను. కాని వారి హోసుల మరలు బాల్టిమోరు కుళాయిల మరలతో కలియలేదు. 1,500కు పైగా కట్టడములు బూడిదయ్యెను. మేడలోని వాల్వునకును ఇదియే న్యాయము.

మన దేశమున 2016 నాటి జాతీయ భవన నియమావళి 15 మీటర్లును, అంతకు మించియు ఎత్తుగల కట్టడములను ఎత్తయిన కట్టడములుగా నెంచుచున్నది. చదరపు సెంటీమీటరునకు 3.5 కిలోల ఒత్తిడిని, అనగా సుమారు 50 పౌనులను, అది కోరుచున్నది. మన భటులు సాధారణముగా వాడునది 63 మిల్లీమీటర్ల లావుపాటి హోసు. కావున ఫిలడెల్ఫియా అంకెలను మనము యథాతథముగా గ్రహింప నక్కఱలేదు. అచ్చటి పాఠమును మాత్రము గ్రహింపవలెను.

ఆ పాఠమిది. మేడను గీయు ఇంజనీరు గీతకు ముందే ఆ యూరి అగ్నిమాపక కేంద్రమునకు పోయి అడుగవలెను: మీ హోసు లావెంత? మీ నాజిలు కోరు ఒత్తిడి యెంత? మీ మూతి యెట్టిది? మీ పంపు నీటిని ఎంత ఎత్తున కెక్కింపగలదు? మొదట వచ్చువారెందఱు? పంపు చాలనిచోట మేడకే సొంత పంపును, నీటి తొట్టెను ఉంచవలెను. వచ్చు భటులు కొలదియైనచోట స్ప్రింక్లర్లను విడువరాదు. దళము తన నాజిలును మార్చినప్పుడెల్ల పాత మేడల లెక్కను మరల చూడవలెను.

హైదరాబాదునందును, విశాఖపట్టణమునందును, విజయవాడయందును మన బంధువులు పలువురు పెద్ద మేడలలో కాపురముండుచున్నారు. విద్యార్థులారా, వారి యింటికి పోయినప్పుడు మెట్లయొద్దనున్న ఎఱ్ఱని గొట్టమును చూడుడు. దానిలో నీరున్నదా, కడపట ఎన్నడు పరీక్షించిరి అని పెద్దల నడుగుడు. సమాధానము దొరకనిచో, ఆ ప్రశ్న అడిగినందులకు వారు మీకు కృతజ్ఞులు కావలెను.